పిండి మంచుకు ఏ బోర్డు?

దిల్‌సుఖ్‌నగర్‌లో బోర్డులకు కరవేం లేదు. బస్సు దిగగానే కోచింగ్‌ సెంటర్ల బోర్డులు, వాటి పక్కనే హాస్టళ్ల బోర్డులు, ఆటవస్తువుల దుకాణంలోకి వెళ్తే క్యారమ్‌ బోర్డులు! కానీ మంచుమీద జారే స్నోబోర్డు కావాలంటే మాత్రం దుకాణదారు ఎగాదిగా చూస్తాడు. అక్కడినుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్‌ దాకా వెతికినా అదే చూపు. డిసెంబరు తెల్లవారుజామున కాస్త చలి వేస్తే చాలు, మంకీక్యాపులు తగిలించుకునే ఊరు మరి!

అయినా ఈ ప్రశ్న ఇక్కడి ఇళ్లలోకి వచ్చేసింది. ఈ వీధుల్లోనే కోచింగ్‌ తీసుకుని అమెరికాకో కెనడాకో వెళ్లిన కుర్రాడు ఓ సాయంత్రం ఫోన్‌ చేస్తాడు. ‘నాన్నా, సెలవులకి ఫ్రెండ్స్‌తో జపాన్‌ వెళ్తున్నా. పౌడర్‌ మంచులో స్నోబోర్డింగ్‌. బోర్డు కొనుక్కోమంటున్నారు’ అంటాడు. నాన్నకి తెలిసిన పౌడర్‌ ముఖానికి రాసుకునేదే. ‘ఎంతవుతుందిరా?’ అని ఆయన అడిగేలోపే అమ్మ ఫోన్‌ లాక్కుంటుంది. ‘మంచులో ఆటలేంట్రా, ఏమన్నా అయితే?’

ఇద్దరి ప్రశ్నలూ సబబైనవే. మంచి బోర్డు కొనాలంటే అమెరికాలో ఐదారు వందల డాలర్లు పెట్టాలి. ఇక అమ్మ భయం సంగతికొస్తే... బోర్డు ఎంపిక ఆ భయంతోనే మొదలవ్వాలంటారు మంచు తెలిసినవాళ్లు.

పళ్లెమా, చెంచానా?

స్నోబోర్డు పుట్టింది కూడా ఓ నాన్న చేతుల్లోనే. 1965 క్రిస్మస్‌ రోజున అమెరికాలోని మిషిగన్‌ రాష్ట్రం మస్కీగన్‌లో షెర్మన్‌ పాపెన్‌ అనే ఇంజినీరు రెండు స్కీలను పక్కపక్కన బిగించి పిల్లలకు ఆటవస్తువుగా ఇచ్చాడు. దానికి ‘స్నర్ఫర్‌’ అని పేరు. 1977లో జేక్‌ బర్టన్‌ కార్పెంటర్‌ వెర్మాంట్‌లో బోర్డుల తయారీ మొదలుపెట్టాడు. 1998లో జపాన్‌లోని నగానోలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో స్నోబోర్డింగ్‌కి తొలిసారి చోటు దక్కింది.

అదే జపాన్‌ ఉత్తర దీవి హొక్కయిడో ఇప్పుడు పౌడర్‌ ప్రియులకు పుణ్యక్షేత్రం లాంటిది. సైబీరియా నుంచి వచ్చే చలిగాలులు జపాన్‌ సముద్రం మీదుగా తేమను మోసుకొచ్చి అక్కడి కొండలమీద మంచుగా కురిపిస్తాయి. నిసెకో లాంటి చోట్ల ఒక్క సీజన్‌లో పడే మంచునంతా కలిపితే పది మీటర్లు దాటుతుంది. అది మన ఫ్రిజ్‌లో పేరుకునే గట్టి మంచు కాదు. జల్లించిన బియ్యప్పిండిలా తేలిగ్గా ఉంటుంది. అప్పుడే పడిన పౌడర్‌లో పదింట తొమ్మిది వంతులు గాలే!

అసలు చిక్కంతా అక్కడే. పిండిడబ్బాలో చెంచాను నిలువుగా పెడితే దిగబడిపోతుంది. అదే పిండిమీద పళ్లెం పెడితే నిలుస్తుంది. మంచులో బోర్డు పళ్లెంలా పనిచేయాలి. మామూలు వాలుమీద మంచును యంత్రాలతో చదునుచేసి గట్టిపరుస్తారు కాబట్టి అక్కడ బోర్డు అంచు పట్టు దొరికితే చాలు. పౌడర్‌లో అలా కాదు. బోర్డు ముక్కు దిగబడిందా... మనిషి తలకిందులే.

ముందు బరువు, తర్వాతే ఎత్తు

బోర్డును నిలబెట్టి ‘గడ్డం దాకా వస్తే సరిపోతుంది’ అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. మంచుకు మన ఎత్తుతో పనిలేదు, బరువుతోనే పని. అందుకే తయారీదారులు ప్రతి సైజుకీ ఎంత బరువున్నవారికి సరిపోతుందో పట్టిక ఇస్తారు. ఇంట్లో సూట్‌కేసు ఇరవైమూడు కిలోలు దాటిందేమోనని పదిసార్లు తూచుకునే మనవాళ్లు బోర్డు కొనేముందు తమను తాము ఒక్కసారి తూచుకుంటే చాలు. బరువైన జాకెట్‌, బూట్లు, వీపున సంచి కూడా ఉంటాయి కాబట్టి, పట్టికలో పైహద్దుకు దగ్గరగా ఉన్నవాళ్లు ఓ సైజు పెద్దది తీసుకోవడం మేలు.

రెండోది పాదం. బోర్డు మీద అడ్డంగా నిలబడతాం కాబట్టి బోర్డు సన్నగా ఉంటే బూటు వేళ్లు, మడమ బయటికి పొడుచుకొస్తాయి. మలుపు తిరిగినప్పుడు అవి మంచుకు తగిలి పడేస్తాయి. అమెరికా కొలతలో పది, పదకొండు సైజు దాటినవాళ్లు ‘వైడ్‌’ రకాలు చూసుకోవాలి.

మూడోది ఆకారం. పౌడర్‌ బోర్డు ముందువైపు వెడల్పుగా, చాట అంచులా పైకి లేచి ఉంటుంది. వెనకవైపు సన్నబడుతుంది. కొన్నింటికి చేపలా చీలిన తోక కూడా ఉంటుంది. కాళ్లు బిగించే బైండింగులు నడిమధ్యలో కాకుండా కాస్త వెనక్కి ఉంటాయి. దాంతో తోక కొంచెం దిగి, ముక్కు దానంతటదే పైకి తేలుతుంది. ఇవేవీ లేని బోర్డుతో పౌడర్‌లోకి దిగితే ముక్కును పైకెత్తడానికి బరువంతా వెనక కాలిమీదే వేయాలి. గంట తిరక్కముందే తొడలు మండిపోతాయి.

నాలుగోది వంపు. బోర్డును నేలమీద పెట్టి పక్కనుంచి చూడండి. మధ్యలో విల్లులా పైకి లేచి ఉంటే ‘క్యాంబర్‌’. గట్టి మంచుమీద పట్టు బాగుంటుంది. పడవలా కొసలు పైకి వంగి ఉంటే ‘రాకర్‌’. పౌడర్‌లో తేలుతుంది. ముందుభాగం రాకర్‌, పాదాల కింద క్యాంబర్‌ కలిసిన రకాలూ ఉన్నాయి. ఎక్కువమందికి సరిపడేవి అవే.

పొడవు విషయంలో రెండు దారులున్నాయి. 70 కిలోల మనిషి మామూలుగా 156 - 158 సెం.మీ. బోర్డు వాడుతున్నాడనుకుందాం. పౌడర్‌ కోసం నాలుగైదు సెం.మీ. పొడవైనది తీసుకోవడం పాత పద్ధతి. ఐదారు సెం.మీ. పొట్టిగా ఉన్నా నడుము బాగా వెడల్పైనది ఎంచుకోవడం కొత్త పద్ధతి. పొట్టి బోర్డు చెట్ల మధ్య చురుగ్గా తిరుగుతుంది, పొడవైనది వేగంలో నిలకడగా ఉంటుంది.

ఇంకోమాట. వారంరోజుల ప్రయాణంలో రోజూ కొత్త మంచు పడుతుందన్న హామీ లేదు. పడని రోజున అచ్చంగా పౌడర్‌కే చేసిన బోర్డు గట్టి వాలుమీద ఇబ్బంది పెడుతుంది. అందుకే తొలి బోర్డు కొనేవాళ్లు ముక్కు కాస్త వెడల్పుగా ఉండి అన్నిరకాల మంచుకూ పనికొచ్చే ‘ఆల్‌ మౌంటెన్‌ డైరెక్షనల్‌’ రకం తీసుకోవడం తెలివైన పని.

కొనాలా... అద్దెకా?

నిజానికి మొదట కొనాల్సింది బోర్డు కాదు, బూట్లు. అద్దె బోర్డుతో ఎలాగోలా సర్దుకోవచ్చు కానీ వదులైన బూటుతో అడుగు కూడా కుదరదు. వేళ్లు ముందుకు తగిలీ తగలనట్టుండాలి, మోకాళ్లు వంచినా మడమ లేవకూడదు. చలికి భయపడి రెండు జతల మేజోళ్లు వేసుకోవడం మనవాళ్లు చేసే మొదటి పొరపాటు. కాలు బిగుసుకుని రక్తప్రసరణ తగ్గి చలి ఇంకా ఎక్కువవుతుంది. ఒక జత ఉన్ని మేజోళ్లు చాలు. జీన్స్‌, కాటన్‌ బనియన్లు తడిస్తే ఆరవు. వాటిని ఇంట్లోనే వదిలేయాలి.

బోర్డు మాత్రం మొదటి ప్రయాణంలో అద్దెకు తీసుకోవడమే నయం. పేరున్న పౌడర్‌ రిసార్టుల్లో పౌడర్‌ బోర్డులు అద్దెకు దొరుకుతాయి. రోజుకో రకం వాడి చూస్తే మన ఒంటికీ కాలికీ ఏది సరిపోతుందో తెలిసిపోతుంది. కొన్నాక విమానంలో తీసుకెళ్లడం ఇంకో పని. బరువు పెద్దగా ఉండదు కానీ నూటఅరవై సెం.మీ. సంచి ఎల్బీనగర్‌ నుంచి శంషాబాద్‌ వెళ్లే కారు డిక్కీలోనే పట్టదు! క్రీడాసామగ్రి విషయంలో ఒక్కో విమానసంస్థది ఒక్కో నియమం. టికెట్‌ కొనేముందే కనుక్కోవాలి.

బోర్డు కన్నా ముందు...

ఇప్పుడు అమ్మ ప్రశ్న. రిసార్టు హద్దులు దాటి కొండమీది మంచులోకి వెళ్లేవాళ్లకు హిమపాతం ముప్పు ఉంటుంది. 2023 ఫిబ్రవరి 1న మన కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌ దగ్గర అఫర్వత్‌ కొండమీద హిమపాతంలో ఇద్దరు పోలండ్‌ స్కీయర్లు చనిపోయారు. అలాంటిచోటికి వెళ్లే ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులు ఉండితీరాలి. మంచుకింద ఎక్కడున్నారో సంకేతమిచ్చే ట్రాన్స్‌సీవర్‌, మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, తవ్వడానికి పార. ప్రపంచంలో ఏ కంపెనీ ట్రాన్స్‌సీవరైనా 457 కిలోహెర్ట్జ్‌ మీదే పనిచేస్తుంది కాబట్టి ఒకరి సంకేతం ఇంకొకరికి అందుతుంది. కూరుకుపోయినవాళ్లను కాపాడటంలో మొదటి పది పదిహేను నిమిషాలే కీలకం. సహాయబృందం వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. పక్కనున్న స్నేహితుడే తవ్వి తీయాలి. అందుకే ఆ మూడింటినీ కొనడమే కాదు, వాడటమూ నేర్చుకోవాలి.

రిసార్టు లోపలా ఓ ప్రమాదం ఉంది. కొమ్మలు కిందికి వాలిన చెట్ల మొదట్లో మంచు గట్టిపడకుండా గుంతలా ఉంటుంది. అందులో తలకిందులుగా పడితే ఊపిరాడదు, పైకి రావడమూ కష్టమే. చెట్ల మధ్యకి ఒంటరిగా వెళ్లకూడదు. తోడున్నవాళ్లు ఒకరికొకరు కనిపించే దూరంలో ఉండాలి. మెడలో ఓ విజిల్‌ ఉండాలి. హెల్మెట్‌ గురించి చెప్పనే అక్కర్లేదు. ఇక ట్రావెల్‌ ఇన్సూరెన్సులో సాహస క్రీడలకు, రిసార్టు హద్దు దాటినచోట జరిగే ప్రమాదాలకు వర్తింపు ఉందో లేదో సంతకానికి ముందే చదవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, అసలు స్నోబోర్డింగ్‌ రానివాళ్లకి పౌడర్‌ మొదటి పాఠం కాదు. చదునుచేసిన వాలుమీద ఆగడం, రెండువైపులా తిరగడం వచ్చాకే లోతు మంచు. దానికి విదేశాలకే వెళ్లనక్కర్లేదు. గుల్‌మర్గ్‌లో, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో నేర్పేవాళ్లున్నారు.

మరి దిల్‌సుఖ్‌నగర్‌లో చేసుకోగలిగింది ఏమీ లేదా అంటే... ఎందుకు లేదు! బరువు తూచుకోవచ్చు, పాదం కొలుచుకోవచ్చు. స్నోబోర్డర్లు తొడల బలం కోసం రోజూ చేసే వ్యాయామం ఒకటుంది. వీపు గోడకు ఆనించి, మోకాళ్లు వంచి, కుర్చీ లేకుండానే కూర్చున్నట్టు నిలబడాలి. గుర్తొచ్చిందా? హోంవర్కు చేయనినాడు మాస్టారు వేయించిన గోడకుర్చీయే అది. సెలవులకి ఇంటికొచ్చిన అబ్బాయి హాల్లో గోడకుర్చీ వేస్తే నాన్న కంగారుపడక్కర్లేదు. వాడు బోర్డు కన్నా ముందు కాళ్లను సిద్ధం చేసుకుంటున్నాడన్నమాట. ట్రాన్స్‌సీవర్‌ కొన్నావా అని అమ్మ అడిగితే మాత్రం వాడి దగ్గర జవాబు ఉండాలి!