మన సీమలో ఆకులు రంగుమారు కాలము
(ఛాయాచిత్రములు తీయు పిల్లల తలిదండ్రులకు)

మన బాలబాలికల ఇంగ్లీషు వాచకములందు అక్టోబరు మాసము ఆకులు ఎఱ్ఱబడి రాలెడు కాలముగా చిత్రింపబడుచుండును. కెమెరాయో, కెమెరాగల సెల్‌ఫోనో చేతికందిన పిల్లలు ఆ బొమ్మలను చూచి, త్రైమాసిక పరీక్షల సెలవులలో అట్టి వనమొకటి చూపుమని అడుగుట సహజము. కోరిక మంచిదే. కాని ఆ నెలలో కోవిల్‌పట్టినుండి ఏ దిక్కునకు పోయినను ఎదురగునది వానమబ్బు, అప్పుడప్పుడే మొలకెత్తు పైరు. ఆకుల రంగులు చూడగోరువారు మఱి నాలుగు నెలలు ఓపిక పట్టవలెను.

దీనికి కారణము కలదు. చలిదేశములలో పగళ్లు కుఱుచయై చలి ముదిరినప్పుడు ఆకులోని పత్రహరితము విఱిగిపోవును. అంతవఱకు దాని చాటున దాగియున్న పసుపువన్నె బయటపడును. ఎఱుపువన్నె మాత్రము కొన్ని జాతులలో అప్పుడే క్రొత్తగా తయారగును. మన చెట్టునకు అంతటి చలిభయము లేదు, ఉన్నది నీటిభయము. ఈశాన్య ఋతుపవనము అక్టోబరునుండి డిసెంబరువఱకు వానలిచ్చి వెడలిన పిదప, నేల ఎండుకొలది చెట్టు ఆకులను విడిచి లోతడిని కాపాడుకొనును. కావుననే మన పెద్దలు ఆకురాలుటను శరత్తునకు గాక, మాఘ ఫాల్గుణములగు శిశిరమునకు చెప్పిరి. ఇంగ్లీషువారి 'ఆటమ్‌'ను తెలుగున శరత్తనియు, తమిళమున 'ఇలైయుదిర్ కాలమ'నియు అనువదించుటచే పిల్లవాని మనస్సులో రెండు ఋతువులు ఒకటియై పోవుచున్నవి. శరత్తనగా మనకు వెన్నెల, తేటనీరు. (ఆ వెన్నెలయు ఈ కరిసల్ సీమలో తఱచు మబ్బుచాటుననే యుండుననుట వేఱు సంగతి.)

శ్రీనగరమునుండి కన్యాకుమారివఱకు 3,700 కిలోమీటర్లకు పైబడి సాగు 44వ జాతీయ రహదారి విరుదునగరము, కోవిల్‌పట్టిల మీదుగనే పోవుచున్నది. కార్తికమున ఆ కొసయందు చినారు చెట్లు నిప్పువన్నె దాల్చునప్పుడు, ఈ కొసయందు రైతు నల్లరేగడిలో సజ్జకును మినుమునకును కలుపు తీయించుచుండును. శక్తిగలవారు అక్టోబరు చివర కాశ్మీరమునకే పోవచ్చును. ఇచటనే యుండువారు ఆ నెలలలో వాన వెలిసిన యొకనాడు కళుగుమలకు పోయి, వెట్టువాన్ కోవిలను ఏకశిలాలయమును, జైన శిల్పములను చూచి, ఆ కొండమీదినుండి క్రింద పఱచుకొన్న పచ్చని పొలములను చిత్రించుకొనుట మేలు. అది పచ్చదనపు యాత్ర.

ఆకుల యాత్రకు ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ మొదటి వారములవఱకు తగిన కాలము. మన చెట్లలో రాలెడు ఆకున కంటె చిగురునందే రంగు మిక్కుటము. రావిచిగురు రాగివన్నె, మామిడిచిగురు ఊదాఛాయ, వేప యిప్పల చిగురు ఎఱుపు. లేతయాకున పత్రహరితము నిండకమునుపే ఎఱ్ఱని వర్ణద్రవ్యము చేరుటచే ఇట్లగును. అది ఎండనుండియు పురుగునుండియు లేతదనమును కాచునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. రాలుటకు ముందు నిజముగా ఎఱ్ఱబాఱు ఆకు కావలెనన్న నాటుబాదమును చూడవలెను. అది పాఠశాలల ఆవరణలందే తఱచు కనబడును గాన దానికై ప్రయాణ మక్కఱలేదు.

చిక్కంతయు సెలవులయందే యున్నది. చిగురు కాలము పరీక్షల కాలము. తమిళనాట ఉగాది ప్రభుత్వ సెలవుదినము. ఆనాటికి వేప చిగురుతో పూతయు పట్టియుండును. కావున ఉగాదిని ఈ యాత్రకు ఏర్పఱచుకొనుట నాకు ఉచితముగా తోచుచున్నది. కోవిల్‌పట్టినుండి రైలులో విరుదునగరము చేరి, అచట చెంగోట మార్గమునకు మాఱినచో శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయము వచ్చును. ముందటి సాయంకాలమే చేరి రాత్రి నిలుచుట అవసరము. ఏలయన పడమటి కనుమలు ఈ యూళ్లకు పడమటనున్నవి. ఉదయపుటెండ కొండచరియపై నేరుగా పడి చెట్టుచెట్టును వేఱుగా చూపును. మధ్యాహ్నము దాటినంతనే వెలుగు మనకెదురై చరియ నీడలో మునుగును.

శ్రీవిల్లిపుత్తూరు తెలుగువారికి పరాయిది కాదు. ఋతువర్ణనలకు పేరొందిన ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు చెప్పిన గోదాదేవి కథ ఈ యూరిదే. ఇచటి అడవి 1988లో బూడిదవన్నె పెద్దయుడుతలకు అభయారణ్యమైనది. 2021లో మేగమలతో కూడి పులుల సంరక్షణారణ్యమైనది. కొండపాదముననున్న శెన్బగత్తోప్పువఱకు పోగోరువారు ముందుగా అటవీశాఖ అనుమతి పొందవలెను.

ఈ విషయమున తలిదండ్రులు మెత్తబడరాదు. రంగులకాలమే కార్చిచ్చు కాలము. రాలిన యాకు నేలపై ఎండి నిప్పుకు సిద్ధముగా నుండును. 2018 మార్చి 11వ తేదీన పొరుగున తేని జిల్లా కురంగణి కొండలలో అట్టి మంటలో చిక్కి విహారమునకు వచ్చినవారు ఇరువదిమందికి పైగా మరణించిరి. దారి మూసియున్నదని అటవీశాఖ చెప్పినచో అచటినుండియే మరలవలెను. చెఱువుగట్టుమీది రావియు, గుడిముందఱి వేపయు చిత్రమునకు చాలును. అగ్గిపెట్టె మాత్రము ఎచటికిని కొనిపోరాదు.

చిత్రము తీయువారికి రెండు మాటలు. రావిచిగురు పలుచనిది, దానికి ఎండ వెనుకనుండి రావలెను, అప్పుడే రాగివన్నె వెలుగును. రెండవది మన నల్లరేగడిని గూర్చి. చిత్రమున నల్లనేల అధికమైనచో కెమెరా దానిని చీకటియని భ్రమించి వెలుగును పెంచును. ఆకుల రంగు వెలవెలబోవును. సెల్‌ఫోనైనచో తెరపై ఆకును తాకి, వెలుగును కొంత తగ్గింపవలెను.

ఇంటికి వచ్చిన పిదప ప్రతి చిత్రము క్రింద చెట్టు పేరును రెండు భాషలందును వ్రాయింపవలెను: అరసు, రావి, వేంబు, వేప, ఇలుప్పై, ఇప్ప, పూవరసు, గంగరావి. కోవిల్‌పట్టి చేరువనున్న ఇడైసేవల్ గ్రామమున 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ ఇంట తెలుగు మాటలాడుచునే తమిళ రచయితయై, కరిసల్ సీమ మాటలకొక నిఘంటువును కూర్చెను. పూవరసునకు తెలుగు పేరు చెప్పగల వృద్ధులు మన యిండ్లలో ఇంకను కొందఱు కలరు. పిల్లలచే వారిని ఈ ఉగాదికే అడిగించుట మంచిది.