పోయినవాళ్లతో మాటామంతీ

ప్రేక్షకులు కుర్చీల్లో కూర్చోరు. వేదికంటూ వేరే ఉండదు. నటులు జనం మధ్యలోనే తిరుగుతూ వచ్చినవాళ్లను పలకరిస్తారు, కథలోకి లాక్కుంటారు. దీన్ని ఇమ్మర్సివ్ థియేటర్ (చూసేవాళ్లూ పాత్రలైపోయే నాటకం) అంటున్నారు. అమెరికా, ఇంగ్లండు నగరాల్లో పాతికేళ్లుగా దీనికి ఆదరణ పెరిగింది. నల్లజాతి కళాకారులు కొందరు ఇందులోకి ఆఫ్రికా పూర్వీకుల ఆరాధనను తెచ్చి, దుఃఖం మీదా ఊరట మీదా సంగీత నాటకాలు కడుతున్నారు.

అలాంటి ఆరాధనల్లో ఒకటి ఎగుంగున్. నైజీరియా, బెనిన్ దేశాల్లోని యోరుబా జనం జరుపుకుంటారు. వేషధారి తల నుంచి పాదం దాకా పొరలు పొరలుగా గుడ్డలు కప్పుకుంటాడు. ఒళ్లు కనబడకూడదు. గొంతు మారుస్తాడు. అప్పుడతను ఊళ్లోని ఫలానా మనిషి కాదు, తిరిగొచ్చిన పెద్ద. దీవిస్తాడు, తప్పు చేసినవాణ్ణి మందలిస్తాడు. డప్పులు మోగుతుంటాయి, జనం వెంట నడుస్తుంటారు.

ఒడిశాలోని దామంజోడిలో ఉండే తెలుగువాళ్లు ఇలాంటిది తెలుసుకోవడానికి ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు. అల్యూమినా కార్ఖానా ఉన్న ఈ ఊరి మీదుగా రైలు ఘాట్ దిగి రాయగడ చేరుతుంది. అక్కణ్నుంచి తూర్పుగా గుణుపురం, ఆ పైన పుట్టాసింగ్ కొండలు. అవి సవరలనే కొండజాతి ఊళ్లు. పోయినవాళ్లతో బతికున్నవాళ్లు ఎదురుగా కూర్చుని మాట్లాడటం, వాదించటం, ఏడవటం అక్కడ ఒకప్పుడు దాదాపు ప్రతిరోజూ జరిగే పని. పాటతో మొదలై మాటల్లోకి దిగే ఆ తంతులో ప్రేక్షకుడంటూ ఎవరూ ఉండరు.

సవరలు మనకు కొత్తవాళ్లు కాదు. ఆంధ్రలోని సీతంపేట, భామిని మండలాల్లో ఉన్నారు. పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పట్టుబట్టి సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. 1931లో సవర భాష మీద పాఠ్యగ్రంథం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. ఆయన్ను వ్యావహారిక భాష కోసం పోరాడినవాడిగా ఏటా ఆగస్టు 29న తలచుకుంటాం. ఆ పోరాటంలో సగం బలం సవరల నోటి మాట విన్నందువల్లే వచ్చిందని నా నమ్మకం.

ఈ సంభాషణల సంగతి ప్రపంచానికి వివరంగా చెప్పినవాళ్లు ఇద్దరు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద పెద్ద పుస్తకం రాశాడు. తర్వాత పియర్స్ విటెబ్స్కీ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త 1975లో ఆ కొండలెక్కి, భాష నేర్చుకుని, దశాబ్దాల పాటు వస్తూ పోతూ ఉన్నాడు. 1993లో ఒక పుస్తకం, 2017లో మరొకటి రాశాడు. నేను కింద చెప్పేదాంట్లో ఎక్కువ భాగం వీళ్లు ఆ రోజుల్లో చూసి రాసిందే.

తంతు జరిపే మనిషిని కురన్ అంటారు. మన ఏజెన్సీలో ఎజ్జోడు అంటారే, ఆ కోవ. చావు తంతులు నడిపేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు. ఆమె కాళ్లు బారజాపి నేల మీద కూర్చుంటుంది. కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంటుంది. పాట జంట చరణాలుగా సాగుతుంది. ఒక మాట అని, అదే అర్థాన్ని వేరే మాటతో మళ్లీ అంటుంది. తనకంటే ముందు ఈ పని చేసి చనిపోయిన కురన్‌లను పేరుపేరునా పిలుస్తుంది. కాసేపటికి గొంతు సన్నగిల్లుతుంది. ఒళ్లు కొయ్యబారుతుంది. వేళ్లు బిగుసుకుపోతాయి. చుట్టూ ఉన్నవాళ్లు గబగబా వచ్చి ఆ పిడికిళ్లు విప్పుతారు, మోకాళ్లూ మోచేతులూ వంచుతారు. ఆమె ప్రాణం పాతాళానికి దిగిపోయిందని, ఖాళీ అయిన ఒంట్లోకి ఇక పోయినవాళ్లు రావచ్చని అర్థం.

వాళ్లు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. వచ్చినవాళ్లు మొదట తాగటానికి అడుగుతారు. జీలుగు కల్లో, సారానో పోస్తారు. ఆ తర్వాత మాటలు. ఇక్కడ ఓదార్పు మాటలే వినిపిస్తాయనుకుంటే పొరపాటు. పోయిన తల్లి కూతుర్ని నిలదీయొచ్చు: జ్వరంతో మూలుగుతుంటే నువ్వెందుకు రాలేదని. కూతురు ఊరుకోదు. కబురే ఆలస్యంగా అందిందంటుంది. పక్కనున్న అన్న అడ్డం పడి, కబురు తానే పంపానంటాడు. పొలం పంపకం సంగతి వస్తుంది. అప్పు సంగతి వస్తుంది. ఒకరు ఏడుస్తారు. ఇంకొకరు నవ్వుతారు. ఈలోగా కురన్ నోట ఆ తల్లి వెళ్లిపోయి, ఎప్పుడో పోయిన మేనమామ దిగుతాడు. తగువు తెగదు. మళ్లీ ఇంకో రోజు.

ఎవరి నోట వచ్చిన మాటకైనా అక్కడే బదులు చెప్పే వీలు ఉంటుంది. మనకు ఆప్తులు పోయినప్పుడు గుండెలో ఎక్కువ బరువుగా ఉండేది అనకుండా మిగిలిపోయిన మాట. అడగాల్సింది అడగలేదు, క్షమాపణ చెప్పలేదు, ఎందుకు పోయారో తెలీదు. సవరలకు ఆ మాట అనడానికి ఒక చోటుంది. విని ఒప్పుకునో, కాదనో పలికే గొంతు ఉంది. పదిమంది సాక్షులున్నారు. కురన్ కూడా ఆ ఊరి మనిషే కాబట్టి ఇంటింటి సంగతీ ఆమెకు ఎరుకే. అది మోసమని కొట్టిపారేయడం తేలిక. కానీ ఏ ఒక్కరో రాసిచ్చిన సంభాషణ కాదది. పోయినవాడి మనసులో ఏముందన్నది నలుగురూ కలిసి, నెలల తరబడి వాదించుకుని తేల్చుకుంటారు.

ఇదంతా ఒక వరసలో నడుస్తుంది. పోయినవాళ్లను సవరలు సోనుమ్ (ఆత్మ) అంటారు. మనిషి ఎలా పోయాడో దాన్నిబట్టి అతను చేరే గుంపు ఉంటుంది. చెట్టు మీంచి పడ్డవాళ్లు, ఉరేసుకున్నవాళ్లు, చిరుతపులి నోట పడ్డవాళ్లు, మశూచితో పోయినవాళ్లు ఒక్కో చోట ఉంటారు. ఆ చోట్లు కూడా ఊరి చుట్టూ ఉన్న బండలూ వాగులూ చెట్లే. కొత్తగా పోయినవాడు తాను పడ్డ బాధనే బతికున్నవాళ్లకు అంటిస్తాడని నమ్మకం. అందుకే మాట్లాడాలి. దహనం అయ్యాక గువార్ అనే తంతు చేస్తారు. ఆ రోజు దున్నను బలిచ్చి, పోయినవాడి పేర ఒక రాయి నాటుతారు. తర్వాత కార్జా అనే తంతులు ఉంటాయి. ఇంటి గోడ మీద సోనుమ్‌ల కోసం ఇడితాల్ బొమ్మలు గీస్తారు. ఇలా కొన్నేళ్లు గడిచేసరికి పోయినవాడి కోపం చల్లారుతుంది. జబ్బు తెచ్చేవాడు కాస్తా కాపాడే పెద్ద అవుతాడు. పుట్టిన బిడ్డకు తన పేరిస్తాడు. చివరికి పాతాళంలో రెండోసారి చనిపోయి సీతాకోకచిలుకవుతాడు. అప్పటికి అతన్ని ఎరిగినవాళ్లూ మిగలరు, అతనితో మాట్లాడాల్సిందీ మిగలదు.

1917లో ఫ్రాయిడ్ దుఃఖం మీద ఒక వ్యాసం రాశాడు. పోయిన మనిషి మీద ఉన్న ప్రేమను మనసు కొద్దికొద్దిగా వెనక్కు తీసుకోవాలని, ఆ పని పూర్తయితేనే మనిషి కోలుకుంటాడని ఆయన లెక్క. పాశ్చాత్య వైద్యం చాలాకాలం దీన్నే నమ్మింది. 1996లో అమెరికాలో కొందరు పరిశోధకులు కలిసి తెచ్చిన పుస్తకం ఈ అభిప్రాయాన్ని సవాలు చేసింది. పోయినవాళ్లతో బంధం తెగనక్కర్లేదు, రూపు మారుతూ కొనసాగుతుంది, అందులో జబ్బేమీ లేదంది. విటెబ్స్కీ కూడా సవరల సంభాషణలను ఫ్రాయిడ్ పక్కన పెట్టి చూపించాడు. ఫ్రాయిడ్ చెప్పిన పని ఒక్క మనిషి మనసులో, లోలోపల జరగాలి. సవరల దగ్గర అది వాకిట్లో, అందరి ముందూ జరుగుతుంది.

అయితే దీన్ని మరీ అందంగా చూపిస్తే అన్యాయం. దున్నలు ఊరికే రావు. ఒక్కో చావుకు అప్పులయ్యేవి. జబ్బు చేస్తే ముందు ఏ సోనుమ్ పనో కనుక్కోవాలి, బలివ్వాలి. మందు ఆ తర్వాత. అటు షావుకారు, ఇటు ఫారెస్టు గార్డు, పోలీసుల పెత్తనం. కురన్‌కు పాతాళంలో ఒక భర్త ఉంటాడని నమ్మకం. అతను సవర కాదు, పలుకుబడి గల హిందూ కులంవాడు. ఈ లోకంలో తమ మీద ఉన్న పెత్తనమే కిందిలోకంలోనూ కనబడేది. బడికెళ్లిన పిల్లలు అధికారులతో నేరుగా మాట్లాడటం నేర్చారు. వాళ్లకు కురన్ మధ్యవర్తిత్వంతో పనిలేకపోయింది.

చాలామంది యువకులు బాప్టిస్టు క్రైస్తవులయ్యారు. కెనడా మిషనరీలు వేసిన బాట అది. ఇంకొందరు వేరే దారి పట్టారు. 1936లో గుణుపురం దగ్గర మంగెయి గొమాంగో సోరాంగ్ సోంపెంగ్ అనే లిపిని రూపొందించాడు. ఆ అక్షరాలనే దైవంగా కొలిచే మతం పుట్టింది. ఈ దారుల్లో నడిచేవాళ్ల ఇంట చావు జరిగితే ప్రార్థన ఉంటుంది, భజనో కీర్తనో ఉంటుంది. పోయినవాడు దేవుడి దగ్గరున్నాడంటారు. అతను మాత్రం తిరిగి పలకడు. విటెబ్స్కీ మొదట్లో చూసిన ఊళ్లలోనే, ఒక తరం గడిచేసరికి, పెద్ద కురన్‌ల వెనక నేర్చుకునేవాళ్లు కరువయ్యారు.

ఈ మార్పు తప్పని నేననను. అప్పు లేకుండా బతకాలని, బిడ్డకు జ్వరమొస్తే ఆస్పత్రికి పోవాలని కోరుకోవడం సవరల హక్కు. బాధ ఎక్కడంటే, పోతున్నదేమిటో తెలియకుండానే దాన్ని మూఢనమ్మకం అనే ఒక్క మాట కింద పూడ్చిపెట్టడంలో. కొరాపుట్‌లో ఏటా పరబ్ ఉత్సవం, రాయగడలో చైతీ ఉత్సవం జరుగుతాయి. కొండజాతుల ఆటపాటలు వేదికెక్కుతాయి. అవి జరగాలి, జనం చూడాలి. కానీ కురన్ పాటను మైకు ముందు పెట్టి పది నిమిషాలు పాడించినంత మాత్రాన ఈ తంతు రాదు. గొంతు వినిపిస్తుంది, జంట చరణాలు వినిపిస్తాయి, అంతే. నాటకం కట్టేవాళ్లు ఇక్కణ్నుంచి నిజంగా ఏదైనా నేర్చుకోవాలనుకుంటే చూడాల్సింది ఆమె చుట్టూ చేరినవాళ్లను. ఆమె నోట వచ్చిన మాటకు ఎదురు చెప్పాలంటే ఆ గుంపులో పోయినవాడి చెల్లెలు ఉండాలి, కొడుకు ఉండాలి, అతనికి అప్పిచ్చిన పొరుగువాడూ ఉండాలి.