‘ఐ’ని కొలిచేదెలా?

మీ ఇంటి ముందు తూర్పుకు తిరిగి నిలబడండి. ఎడమకు పావు చుట్టు తిరిగితే ఉత్తరం. ఇంకో పావు తిరిగితే పడమర. తూర్పు 1 అయితే ఇది మైనస్ 1. ఆ పావు చుట్టే ‘ఐ’. దాన్ని పట్టుకుని, పాపం, ‘కల్పిత సంఖ్య’ అన్నారు!

కాంతి నిలువుగానో అడ్డంగానో ఏటవాలుగానో ఊగితే, దాని కణమైన ఫోటాన్ లెక్కకు మామూలు సంఖ్యలు చాలు. బొంగరంలా గిర్రున తిరిగితే ‘ఐ’ కావాలి. ఎంత? నిలువు, అడ్డం దిశలను ఆధారంగా తీసుకుంటే, తిన్నగా ఊగేదానికి 0, గుండ్రంగా తిరిగేదానికి 1, కోడిగుడ్డు ఆకారంలో తిరిగేదానికి ఆ మధ్యలో.

‘ఐ’ లేకుండా నెట్టుకురాలేమా? 2021లో భౌతిక శాస్త్రవేత్త రెనూ బృందం ఒక ఆట సూచించింది: వేర్వేరు చోట్ల పుట్టిన కణాల జంటలతో ఆడాలి. వాస్తవ సంఖ్యల క్వాంటం సిద్ధాంతానికి దాదాపు 7.66 మార్కులే గరిష్ఠం. 2022లో చైనా ప్రయోగం 8.09 తెచ్చుకుంది.