మంచాన పడినవారికి ఇంటిలో ఎటువంటి సాయం?

పక్షవాతం వచ్చిన తండ్రిని విశాఖ కె.జి.హెచ్. నుండి అరకు కొండమీది గూడేనికి తెచ్చుకున్నాక సభ్యుని ముందుండే ప్రశ్న ఒకటే. తెల్లవారకముందే పాలు పితికి కేంద్రానికి పోయే ఇంట్లో ఆయనను ఎవరు చూడాలి?

ముందుగా ఆయనకు కావలసినవి విడదీసి చూడండి. స్నానం, తిండి, మలమూత్రాలు, వీటికి నర్సు అక్కరలేదు. ఓపికగల ఇంటిమనిషి, లేదా కూలి ఇచ్చి పెట్టుకున్న పొరుగు మనిషి చాలు. అయితే రెండు గంటలకొకసారి పక్క మార్చవలెను. కూలబడిన ఆవును ఒకే పక్కన వదిలేస్తే ఏమవుతుందో మనకు తెలుసు గదా, మనిషి ఒళ్లూ అంతే. నడుము కింద, మడమల వద్ద చర్మం రంగు మారి తగ్గకపోతే పుండు మొదలైనట్లే. మింగేటప్పుడు పొలమారుతుంటే నోట ఏమీ పోయక డాక్టరును అడగండి. పుండుకు కట్టు, మూత్రపు గొట్టం మార్చుట ఇంటివారి పని కాదు. ఆశా కార్యకర్త ద్వారా ఏ.ఎన్.ఎం.కు కబురు చేయవలెను.

రాత్రి కాపలా అంతా ఒక్క కోడలిమీదే వేయకండి. ఆమె కూడా మంచమెక్కితే పశువులను చూసే దిక్కుండదు.

కూలికి డబ్బెక్కడిదంటారా? 2024 జులై నుండి రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు రూ. 4,000, పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి రూ. 15,000. మొదటిది వస్తున్నది గదా అని ఊరుకోక, డాక్టరు ధ్రువపత్రం తీసుకుని సచివాలయంలో రెండవదాని సంగతి అడగండి.