ఇంగ్లీషు జాతీయములలోని విజ్ఞానము

"కాళ్లకు బుద్ధి చెప్పినాడు" అన్నచో పారిపోయినాడని తెలుగు పిల్లలకు సైతము తెలియును. ఆ మూడు మాటలను వేరువేరుగా నిఘంటువులో వెదకు పరభాషవానికి మాత్రము అందు పరుగు ఎక్కడను కనిపించదు. ఇట్టి పలుకులనే జాతీయములందురు. ఇంగ్లీషు చదువు తెలుగు విద్యార్థికి ఎదురగు చిక్కు సరిగా ఇదియే. అయితే ఇంగ్లీషు జాతీయములలో కొన్నిటికి మూలము సముద్రముమీదనో, యంత్రశాలలోనో, రసాయనపు సీసాలోనో ఉన్నది. అట్టివానిని గ్రహించుటకు నిఘంటువుకంటె, ఆ పని జరుగు తీరు తెలిసికొనుటయే మంచి దారి.

"టిప్ ఆఫ్ ది ఐస్‌బర్గ్" అను మాటను తీసికొందము. మంచుకొండ శిఖరమని దీనికి పదార్థము. మనకు శిఖరమనగా ఔన్నత్యము గనుక ఇదేదో ఘనతను చెప్పుచున్నదని భ్రమపడవచ్చును. నిజమునకు మంచు సముద్రపు నీటికంటె కొంచెమే తేలిక. ఒక ఘనమీటరు మంచు సుమారు 917 కిలోగ్రాములు తూగును; అంతే ఘనపరిమాణముగల సముద్రజలము సుమారు 1,025 కిలోగ్రాములు తూగును. తేలుచున్న వస్తువు తన బరువునకు సమానమైన నీటిని తొలగించునుగదా! లెక్క వేసినచో మంచుకొండలో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు నీటిలోనే ఉండును. కావున ఒకచోట బయటపడిన మోసమును గూర్చి ఈ మాట వాడినచో, కనబడినది కొంచెము, దాగినది అధికము అని భావము.

"యాసిడ్ టెస్ట్" అనుదానిని కొందరు అగ్నిపరీక్ష అని తెనిగింతురు. ఇది అంత సరికాదు. బంగారమని చెప్పబడిన వస్తువును నున్నని నల్లరాతిపై గీసి, ఆ గీతపై నత్రికామ్లపు చుక్క వేయుదురు. ఇత్తడి అయినచో అందలి రాగి, తుత్తునాగము కరగి గీత మాయమగును. మేలిమి బంగారపు గీత చెక్కుచెదరదు. నత్రికామ్లము ఒంటరిగా బంగారమును కరగింపజాలదు. దానికి హైడ్రోక్లోరికామ్లమును మూడు పాళ్లు కలిపి ద్రవరాజము చేసిననే అది సాధ్యము. కాబట్టి పైమెరుగులకు మోసపోక నిజమును తేల్చు పరీక్ష అని ఈ జాతీయమునకు అర్థము. అగ్నిపరీక్ష అన్నంతనే పరీక్షింపబడువాని బాధ మనస్సునకు వచ్చును. యాసిడ్ టెస్టులో ఆ బాధకు చోటులేదు. ఇంతకును ఆ నల్లరాయి మన కంసాలి దగ్గర ఉన్న గీటురాయియే. "కష్టకాలమే స్నేహమునకు గీటురాయి" అని మనము అనుచునే యున్నాము. మాట ఇంటనుండగా ఆమ్లమును అరువు తెచ్చుకొననేల?

ఆవిరియంత్రమునుండి రెండు జాతీయములు వచ్చినవి. వానిని ఒకటిగా భావించు పొరపాటు కలదు. "లెట్ ఆఫ్ స్టీమ్" అనగా అణచుకొన్న ఉక్రోషమును హాని లేకుండ వెళ్లగ్రక్కుట; వంటింటి కుక్కరు ఈల వేసినట్లు. "రన్ అవుట్ ఆఫ్ స్టీమ్" అనగా ఆవిరి ఉడిగి బండి నిలిచినట్లు ఉత్సాహము చల్లారుట.

ఇక "మ్యాడ్ యాజ్ ఎ హ్యాటర్", అనగా టోపీలు చేయువానివలె పిచ్చివాడు. 1865లో లూయీ కారల్ వ్రాసిన ఆలిస్ కథలోని టోపీలవాడు లోకప్రసిద్ధుడేగాని, ఈ పలుకు అంతకుముందే వాడుకలోనున్నది. కుందేలు మొదలగు జంతువుల బొచ్చు ఒకదానితోనొకటి పెనవేసికొని ఫెల్టుగా మారుటకు దానికి మెర్క్యురిక్ నైట్రేటు ద్రావణము పూసెడివారు. ఆ బొచ్చును ఆరబెట్టి, వేడినీటితో పనిచేయునపుడు పాదరసపు ఆవిరి గదులలో నిండెడిది. దానిని ఏండ్ల తరబడి పీల్చిన పనివారికి చేతులు వణకును, మాట తడబడును, మతిమరపు, చిరాకు, అకారణమైన బిడియము కలుగును. జాతీయము ఇందుండియే పుట్టినదా అను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. వ్యాధి మాత్రము నిజము. టోపీల పరిశ్రమకు పేరొందిన అమెరికాలోని డాన్‌బరీ పట్టణమున ఆ జబ్బునకు "డాన్‌బరీ వణుకు" అను పేరే ఏర్పడెను. ఫెల్టు టోపీల తయారీలో పాదరసపు వాడుక ఆ దేశమున 1941లో గాని నిషేధింపబడలేదు.