కొండవీటి చెరువులు

కొండవీటి కోట చూసొచ్చినవాళ్లు బురుజుల గురించి చెబుతారు. చెరువుల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కదా, నా చూపు మాత్రం ముందు నీళ్ల మీదికే పోతుంది. కొండ మీద మూడు చెరువులున్నాయి. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. నన్నడిగితే అసలు కోట ఆ మూడే. గోడలు వాటికి కాపలా.

ప్రోలయ వేమారెడ్డి 1325 ప్రాంతంలో అద్దంకి రాజధానిగా రెడ్డి రాజ్యం స్థాపించాడు. కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. అద్దంకి గుండ్లకమ్మ ఒడ్డున మైదానపు ఊరు. ఒకవైపు బహమనీలు, ఇంకోవైపు రాచకొండ వెలమలు కాచుకుని ఉన్నప్పుడు కొండెక్కడం తెలివైన పనే. కానీ ఎక్కినవాళ్లు ఏం తాగి బతకాలి? పైన ఏరు లేదు, కాలువ లేదు. కింది నుంచి కావళ్లతో మోయిద్దామంటే, ముట్టడి వేసిన శత్రువు మొట్టమొదట మూసేది ఆ దారినే. ఇక మిగిలింది వాన. శిఖరాల నడుమ పల్లాల్లోకి బండల మీంచి జారే నీటికి కట్టలు అడ్డం వేసి నిలబెట్టుకున్నారు. ఏడాదిలో కొద్ది నెలలు కురిసే వానతో ఏడాదంతా ఒక రాజధానిని నడపడం! ఆ లెక్క వేసినవాళ్ల పేర్లు ఏ శాసనంలోనైనా ఉంటే బాగుండేదనిపిస్తుంది నాకు.

ఆ ధీమా మీదే కొలువు వెలిగింది. తర్వాత రాజైన కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు కర్పూరం, కస్తూరి సరఫరా చేసిన వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చింది ఆయనకే. కుమారగిరి తర్వాత ఏలిన పెదకోమటి వేమారెడ్డి దగ్గర శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నాడు. కర్పూరం ఓడల్లో వస్తుంది. నీళ్లు రావు.

1424లో రాచవేమారెడ్డితో రెడ్ల ఏలుబడి ముగిసింది. పురిటి సుంకం వేశాడని సవరం ఎల్లయ్య అతణ్ణి పొడిచి చంపాడని జనం చెప్పుకుంటారు. కొన్ని దశాబ్దాల తర్వాత కోట గజపతుల చేతికి పోయింది. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి గెలిచి, అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ పట్టుకుని ఇక్కడికొచ్చాడు. 1515 జూన్ 23న కొండవీడు లొంగింది. లోపల ఉన్న గజపతి కొడుకు వీరభద్రుడు బందీ అయ్యాడు. రాయల ప్రధాని తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపన ఈ సీమకు పాలకుడయ్యాడు. తర్వాత గోల్కొండ నవాబులు, ఫ్రెంచివాళ్లు. 1788లో గుంటూరు సర్కారుతో పాటు కోటా ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. కొండ మీద కాపురం అవసరం ఎవరికీ లేకుండాపోయింది.

మనుషులు దిగిపోతే చెరువుకు జరిగేది నాకు తెలుసు. పూడిక తీసే దిక్కుండదు. కట్ట రాళ్ల సందుల్లో చెట్లు మొలుస్తాయి, వేళ్లు లావెక్కే కొద్దీ రాళ్లు వీడతాయి. ఇప్పుడు ఘాట్ రోడ్డు పడి కార్లు పైదాకా వెళుతున్నాయి, సంతోషం. వెళ్లేవాళ్లు వానలు వెలిశాక వెళ్లి, కాసేపు కట్టల మీద నడవండి. కోట బాగుకోసం ఏ శాఖ దగ్గర డబ్బున్నా సరే, రంగులకూ రెయిలింగులకూ ముందు ఈ మూడు చెరువుల పూడిక తీయించాలి. అలుగులు, తూములు సర్వే చేయించి పటం గీయించాలి.