ఇంజన్ విప్పే ముందు ఏ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ వాడాలి? మా బావ స్ప్లెండర్ లెక్క

ఈ ఎపిసోడ్ మా బావ బండి గురించి. బావ ఉండేది భద్రాచలం పక్కన. పాత కార్బురేటర్ స్ప్లెండర్ మీద బట్టల మూటలు కట్టుకుని చర్ల రోడ్డు వెంట వారం సంతలకి తిరుగుతాడు. ఒక సంత తప్పిందంటే ఆ ఊరి బేరం మళ్లీ వారానికే. ఈ ఎండాకాలం బండి తెల్లపొగ మొదలుపెట్టింది, మూటలతో ఎత్తు ఎక్కాలంటే లాగట్లేదు.

షెడ్డులో ఏమన్నారంటే, "బోరింగ్ ఎలాగూ చేయించాలి, పనిలో పనిగా రేసింగ్ క్యామ్, పెద్ద కార్బురేటర్ వేద్దాం, గుర్రంలా లాగుద్ది." మొత్తం 18 వేలు. బావ నాకు ఫోన్ చేసి, "బామ్మర్దీ, కంప్యూటర్ చదువు చదివినోడివి కదా, ఇది నిజమేనా చూసి చెప్పు" అన్నాడు.

నేను వెంటనే సాఫ్ట్‌వేర్‌లు వెతకడం మొదలుపెట్టా. రెండు రోజులు వేస్ట్. ఎందుకంటే ముందు ప్రశ్న రాసుకోలేదు. మా ప్రశ్న ఇది: మూటలతో, 3000 నుంచి 4500 ఆర్పీఎం మధ్యలో బండి ఇప్పటికన్నా బాగా లాగుతుందా? ఇది రాసుకున్నాక ఏ సాఫ్ట్‌వేర్ కావాలో దానంతట అదే తేలింది.

మీలో చాలామందికి తెలిసిన దానితో మొదలుపెడదాం. యాంజ్ ది గ్రేట్ అనే యూట్యూబర్ చేసిన ఇంజన్ సిమ్యులేటర్. ఫ్రీ, ఓపెన్ సోర్స్, సౌండ్ అదిరిపోతుంది. కానీ ఇది శబ్దం కోసం చేసింది, ట్యూనింగ్ అంచనాలకి నమ్మొద్దు అని దాని గిట్‌హబ్ పేజీలోనే రాసి ఉంది. ఆడుకోండి, డబ్బు ఖర్చు పెట్టే నిర్ణయం మాత్రం దాని మీద తీసుకోవద్దు.

అసలు మొదటి మెట్టు మీ ఫోన్‌లోనే ఉంది: గూగుల్ షీట్స్. స్ప్లెండర్ బోర్ 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 49.5. లెక్క వేస్తే 97.2 సీసీ. అర మిల్లీమీటర్ ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తే 99.1 సీసీ. అంటే పెరిగింది 2 శాతం. కంప్రెషన్ రేషియో 9 ఉంటే, హెడ్ ముట్టుకోకపోతే దాదాపు 9.16 అవుతుంది. "బోరింగ్ చేయిస్తే పవర్ పెరుగుద్ది" అన్న మాటకి జవాబు ఇక్కడే దొరికింది. అరిగిన రింగుల వల్ల పోయిన బలం తిరిగొస్తుంది, కొత్త బలం మాత్రం పెద్దగా రాదు. దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

క్యామ్, కార్బురేటర్, సైలెన్సర్ ప్రశ్న వస్తే రెండో మెట్టు. పర్ఫార్మెన్స్ ట్రెండ్స్ వాళ్ల ఇంజన్ ఎనలైజర్, డైనోమేషన్, ఎంజ్‌మాడ్ ఫోర్ టీ లాంటివి. ఇవి విండోస్ కంప్యూటర్‌లో నడుస్తాయి. కొనేముందు ఒకటే అడగండి: లోపల లెక్క ఎలా చేస్తుంది? సింపుల్ రకం సిలిండర్‌ని నిండి ఖాళీ అయ్యే డబ్బాలా చూస్తుంది. క్యామ్ పోల్చడానికి అది చాలావరకు సరిపోతుంది. రెండో రకం పైపుల్లో పరుగెత్తే ప్రెషర్ అలల్ని కూడా లెక్కిస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే ఒక అల బయల్దేరుతుంది. వేడి గ్యాస్‌లో దాని వేగం సుమారు సెకనుకి 570 మీటర్లు. పైపు చివర తగిలి పీల్చే అలగా తిరగబడి వెనక్కొస్తుంది. ముప్పావు మీటర్ పైపులో పోయి రావడానికి 2.6 మిల్లీ సెకన్లు. ఆ టైమ్‌లో క్రాంక్ 6000 ఆర్పీఎం దగ్గర సుమారు 95 డిగ్రీలు తిరుగుతుంది, 3000 దగ్గర 47 డిగ్రీలే. అందుకే ఒక సైలెన్సర్ పైన బాగుండి కింద చచ్చుబడుతుంది. పైపు పొడవు మార్చాలనుకుంటే ఈ రెండో రకమే కావాలి.

మూడో మెట్టు జీటీ పవర్, ఏవీఎల్ బూస్ట్, రికార్డో వేవ్. ఇవి కంపెనీలు వాడేవి. మీరు బీటెక్ మెకానికల్ చదువుతూ ఫార్ములా భారత్ టీమ్‌లో ఉంటే, అక్కడ గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్ గుండానే పోవాలి కాబట్టి ఇవి నిజంగా పనికొస్తాయి. స్టూడెంట్ లైసెన్స్ సంగతి కాలేజీ ద్వారా అడగండి. ఒక్క బండి రిపేర్‌కి ఇంత అక్కర్లేదు.

ఇప్పుడు నేను బోల్తాపడ్డ చోటు. నేను రెండో మెట్టు ప్రోగ్రామ్ తీసుకుని క్యామ్ డ్యూరేషన్ ఎక్కించా. నా దగ్గరున్న అంకె వాల్వ్ 1 మిల్లీమీటర్ లేచాక కొలిచింది. ప్రోగ్రామ్ అడిగింది వాల్వ్ సీటు వదిలినప్పటి నుంచి మళ్లీ సీటు మీద కూర్చునేదాకా. పదుల డిగ్రీల తేడా. గీత అందంగానే వచ్చింది, పూర్తిగా తప్పు. సాఫ్ట్‌వేర్ "ఇది తప్పు" అని చెప్పదు ఫ్రెండ్స్, ఇచ్చింది నమ్మి లెక్క వేస్తుంది.

పట్టుకున్నది ఎలాగంటే, ముందు కంపెనీ ఇంజన్‌ని ఉన్నది ఉన్నట్టు ఎక్కించి చూశా. ఈ పాత మోడల్‌కి కంపెనీ లెక్క సుమారు 5.5 కిలోవాట్లు, 8000 ఆర్పీఎం దగ్గర. నా మోడల్ దానికి దరిదాపుల్లో లేదు. మీరూ ఇదే చేయండి. స్టాక్ ఇంజన్ లెక్క కుదరకుండా మార్పుల లెక్క చూడొద్దు. కుదిరాక కూడా అంకెని కాకుండా ముందుకీ తర్వాతకీ ఉన్న తేడానే నమ్మండి.

కొలవడానికి పెద్ద సామాను అక్కర్లేదు. మెడికల్ షాపులో సిరంజి కొని హెడ్ గుంటలో ఎన్ని సీసీల నూనె పడుతుందో చూశాం. డిగ్రీల చక్రం ప్రింట్ తీసి క్రాంక్‌కి బిగించాం, డయల్ గేజ్ లేత్ షాపులో అడిగి తెచ్చుకున్నాం. ఇంకోటి, గాలి వేడి మార్చండి. ప్రోగ్రామ్ 25 డిగ్రీలు అనుకుంటే మన మే నెల కొత్తగూడెం ఎండ 45. గాలి సుమారు 6 శాతం పల్చబడుతుంది. కంప్రెషన్ పెంచితే ఆ వేడికి ఇంజన్ టకటకమని నాకింగ్ కొట్టే ప్రమాదం కూడా ఉంది.

అన్నీ సరిచేశాక రేసింగ్ క్యామ్ పెట్టి చూస్తే గీత 6000 పైన లేచింది, 4500 కింద పడిపోయింది. కారణం సింపుల్. ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటే, నెమ్మదిగా తిరిగేటప్పుడు పిస్టన్ లోపలికొచ్చిన మిశ్రమాన్ని మళ్లీ బయటికి నెట్టేస్తుంది. బావ నడిపేదే ఆ ఆర్పీఎంలో. 18 వేలు పెట్టి మూటలు లాగే బలం తగ్గించుకునేవాళ్లం.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండి మార్చకూడదు. పెద్ద ఇంజన్ మార్పు చేస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కీ ఇబ్బంది. రోడ్డు మీద తిరిగే బండికి ఇది మర్చిపోవద్దు.

చివరికి ఏం చేశాం? బోరింగ్, కొత్త పిస్టన్ రింగులు, వాల్వ్ సీటింగ్. క్యామ్, కార్బురేటర్ పాతవే. ముందు స్ప్రాకెట్ 14 పళ్లది తీసి 13 పళ్లది వేశాం. చక్రం దగ్గర లాగుడు 7.7 శాతం పెరుగుతుంది, టాప్ స్పీడ్ కాస్త తగ్గుతుంది. ఇది కూడా షీట్స్‌లో ఒక్క భాగహారమే.

మొన్న ఫోన్ చేశాడు. "ఎత్తు మీద ఫస్ట్ గేర్‌కి రావాల్సిన పని లేదు బామ్మర్దీ, కాకపోతే ఖాళీ బండి మీద కొంచెం అరుస్తుంది" అన్నాడు. అరవనీ బావా, సంత తప్పట్లేదు కదా అన్నా.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ సిరంజి కొలత, డిగ్రీల చక్రం ఎలా బిగించాలో చేసి చూపిస్తా. ఉంటా మరి, బై.